పాత షెవర్లేకు ముందు ఆగడం నేర్పాలి

ఈ పూట ఒక పాత బండి గురించి మాట్లాడుకుందాం. 1947 వేసవిలో అమెరికాలో షెవర్లే కంపెనీ ఒక కొత్త పికప్ ట్రక్కును అమ్మకానికి తెచ్చింది. అర టన్ను బండి. పేరు 3100. గుండ్రటి బానెట్టు, ముందు అడ్డంగా పట్టీల గ్రిల్లు, ఉబ్బిన మడ్‌గార్డులు, వెనక చెక్క పలకలు పరిచిన తొట్టి. ఒకసారి చూసినవాళ్లు మళ్లీ ఎక్కడ కనిపించినా గుర్తుపడతారు. చిన్న చిన్న మార్పులతో 1955 మొదటి నెలల దాకా ఇదే రూపంలో తయారైంది. షెవర్లే పేరు మనకూ కొత్తది కాదు. 1928 నుంచి 1954 దాకా జనరల్ మోటార్స్ వాళ్లు బొంబాయిలో షెవర్లే బండ్లు బిగించి అమ్మారు. అమెరికాలోనైతే ఈ 3100లు ఇంకా రోడ్ల మీద కనిపిస్తూనే ఉంటాయి. వాటికి విడిభాగాలు ఇవాళ్టికీ కొత్తగా తయారవుతున్నాయి. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లలో ఎవరికైనా అలాంటి ట్రక్కు మీద మనసుంటే, ఈ నాలుగు మాటలు వాళ్లకోసం. బండి లేనివాళ్లు కూడా వినొచ్చు. బ్రేకు ఎలా పట్టుకుంటుందో, స్టీరింగు ఎందుకు వదులవుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలికైన బండి దొరకదు. కిందికి వంగి చూస్తే అన్నీ కనిపిస్తాయి.

ఇలాంటి బండి కొన్నవాళ్లలో చాలామందికి ముందు రెండు కోరికలు పుడతాయి. ఒకటి, మంచి రంగు వేయించాలని. రెండోది, పెద్ద ఇంజను పెట్టించాలని. నా మాట వేరు. ముందు బండికి ఆగడం నేర్పాలి. తర్వాత తిన్నగా పోవడం నేర్పాలి. ఇంజను సంగతి ఆఖరున చూసుకోవచ్చు. బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షను, ఈ మూడింటికీ ఒకే మందు పనికిరాదు. కొత్త సామాను అమ్మేవాళ్లు మూడూ మార్చేయమంటారు. పాతదనం మీద మమకారం ఉన్నవాళ్లు ఏదీ ముట్టుకోవద్దంటారు. రెండు మాటలూ నాకు సమ్మతం కాదు. బ్రేకులు మార్చాలి. స్టీరింగు మార్చక్కర్లేదు, అరిగినవి కొత్తవి వేసి బిగువు చేయాలి. కమాన్లు, అంటే ఇరుసు మీద కూర్చునే ఆ స్ప్రింగు పట్టీల కట్టలు, విప్పి శుభ్రం చేయాలి. ఇంకోసారి చెబుతున్నా, గుర్తుంచుకోండి. బ్రేకులకు మార్పు, స్టీరింగుకు బిగువు, కమాన్లకు శుభ్రం. ఎందుకలా అంటారా? ఒక్కొక్కటే చూద్దాం.

బ్రేకులు ఎందుకు మార్చాలి? బండి మారలేదు గానీ రోడ్డు మారింది, అందుకు. ఈ ట్రక్కు పుట్టినప్పుడు దాని ఆరు సిలిండర్ల ఇంజను బలం 90 హార్స్‌పవర్. వెనక ఇరుసులోని పళ్లచక్రాలు బరువు లాగడానికి పెట్టినవి, పరుగు కోసం కాదు. గంటకు 50 మైళ్లు దాటితే ఇంజను రొద పెడుతుంది. అంతర్రాష్ట్ర రహదారుల చట్టం మీద అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం పెట్టింది 1956లో. అంటే ఈ బండి తయారీ ఆగిపోయిన మరుసటి ఏడు. పొలానికీ ఊరికీ మధ్య తిరగడానికి చేసిన బండిని మనం ఇవాళ 70 మైళ్ల వేగంతో పోయే కార్ల మధ్యకు తీసుకుపోతున్నాం. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. వేగం 40 మైళ్ల నుంచి 60కి పెరిగితే, పెరిగింది ఒకటిన్నర రెట్లే. కానీ బ్రేకులు మింగాల్సిన శక్తి రెండింతలకు పైగా పెరుగుతుంది. ఆ శక్తంతా వేడిగా మారి డ్రమ్ముల్లోకే పోవాలి. 'నేను ఆదివారం మాత్రమే తీస్తాను, అదీ మెల్లగా నడుపుతాను, ఇన్నాళ్లూ ఈ బ్రేకులతోనే గడిచింది కదా' అనేవాళ్లుంటారు. మెల్లగా పోవడం మన చేతిలో ఉంది, నిజమే. ముందు పోయే కారు ఎప్పుడు ఆగాలో మన చేతిలో లేదు. అది ఈ కాలపు కారు. డిస్కు బ్రేకులుంటాయి, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంటుంది. అది ఆగినంతలో మన బండి ఆగదు.

ఇప్పుడు బండి కిందికి పోదాం. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. 1950 దాకా వచ్చిన ట్రక్కుల్లో హక్ అనే రకం. 1951 నుంచి బెండిక్స్ రకం. బెండిక్స్‌లో ఒక షూ, అంటే డ్రమ్ము లోపలి బ్రేకు పట్టీ, డ్రమ్ముకు తగలగానే తిరిగే డ్రమ్ము దాన్ని తనతో లాక్కుపోతుంది. ఆ షూ వెళ్లి రెండోదాన్ని నెడుతుంది. అంటే మన కాలి బలానికి చక్రం తిరుగుడే తోడవుతుంది. హక్‌లో అలా ఒకటి రెండోదాన్ని నెట్టదు. షూలు దేనికవే. అందుకే గట్టిగా తొక్కాలి. పైగా ఒక్కో చక్రానికి రెండు చోట్ల సర్దుబాటు చేయాలి. ఒక పక్క బిగువుగా, మరో పక్క వదులుగా ఉందంటే, బ్రేకు వేసినప్పుడల్లా బండి ఒక పక్కకు లాగుతుంది. డబ్బు తక్కువున్నవాళ్లకు ఇక్కడో మంచి మెట్టు ఉంది. 1951 నుంచి వచ్చిన బెండిక్స్ బ్రేకులు పాత బండికి బిగించుకోవచ్చు. కొత్త కంపెనీ సామానేమీ కాదు, అదే కుటుంబంలోని తమ్ముడి సామాను.

అయితే అసలు ప్రమాదం డ్రమ్ములో లేదు. ఆయిల్ పోయే దారిలో ఉంది. పెడలు తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌లో గది ఒక్కటే. అందులోంచే నాలుగు చక్రాలకూ బ్రేకు ఆయిల్ పోవాలి. ఏ ఒక్క చక్రం దగ్గర గొట్టం పగిలినా, ఏ ఒక్క వీల్ సిలిండర్ కారినా, పెడలు నేలకు దిగిపోతుంది. పోయేది ఆ ఒక్క చక్రం బ్రేకు కాదు, నాలుగూ పోతాయి. మిగిలేది పార్కింగ్ బ్రేకు ఒక్కటే. ఈ లోపాన్ని అమెరికా కంపెనీలే గుర్తించాయి. 1962లో కాడిలాక్, ఏఎంసీ రెండు గదుల మాస్టర్ సిలిండర్ తెచ్చాయి. ముందు చక్రాలకు ఒక గది, వెనక చక్రాలకు ఒక గది. ఒకటి పోయినా రెండోది బండిని ఆపుతుంది. 1967 మోడళ్ల నాటికి అమెరికా కార్లన్నింటికీ అదే వచ్చింది. మన 3100 అంతకు ఇరవై ఏళ్ల ముందుది. అందుకని మొదటి డాలరు ఇక్కడ ఖర్చు పెట్టాలంటాను. డిస్కులకు డబ్బు లేకపోతే ఆగొచ్చు. డ్రమ్ములే ఉంచుకోవచ్చు. రెండు గదుల మాస్టర్ సిలిండర్ లేకుండా మాత్రం ఈ బండిని హైవే ఎక్కించకూడదు. ముందు రెండు గదులు, తర్వాతే డిస్కులు.

డిస్కుల మీద ఒక అభ్యంతరం ఉంది, అది తెలిసినవాళ్లే చెప్పే అభ్యంతరం కాబట్టి మర్యాదగా వినాలి. వాళ్లేమంటారంటే, చక్కగా సర్దిన డ్రమ్ములు కూడా చక్రాన్ని బిగుసుకుపోయేలా పట్టగలవు. చక్రం బిగుసుకున్నాక ఆపేది బ్రేకు కాదు, టైరు. మరి డిస్కు వేస్తే ఏం లాభం? మొదటి బ్రేకుకు వాళ్ల మాట నిజం. తేడా నాలుగో బ్రేకుకో ఐదో బ్రేకుకో తెలుస్తుంది. కొండ దిగుతూ వరసగా తొక్కుతుంటే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది. అంటే షూకు దూరంగా జరుగుతుంది. పెడలు ఇంకా ఇంకా లోపలికి పోతుంది. డిస్కు వేడెక్కినా ప్యాడుకు దూరంగా జరగదు, పైగా గాలి తగిలి తొందరగా చల్లారుతుంది. వాగు నీళ్లలో దిగినా, పెద్ద వానలో పోయినా డ్రమ్ములోకి చేరిన నీరు అక్కడే ఉండిపోతుంది. డిస్కు తిరుగుతూనే నీటిని విసిరేస్తుంది. ఇంకో లాభం చాలామంది పట్టించుకోరు. డిస్కు ప్యాడ్లు అరిగేకొద్దీ వాటంతటవే సర్దుకుంటాయి. కుడి ఎడమల తేడా తక్కువ. కాబట్టి గట్టిగా తొక్కినా బండి పక్కకు లాగదు. అందుకే నా తీర్పు ముందు రెండు చక్రాల వరకే. వెనక డ్రమ్ములు అలాగే ఉండనివ్వండి. ఖాళీ పికప్పుకు వెనక బరువుండదు. బ్రేకు వేయగానే ఉన్న కాస్త బరువు కూడా ముందుకు ఒరుగుతుంది. అలాంటి వెనక చక్రాలకు గట్టి బ్రేకు ఇస్తే అవి ముందుగా బిగుసుకుని, బండి వెనక భాగం పక్కకు తిరుగుతుంది. దానికి విరుగుడుగా వెనక పైపులో ఒత్తిడి తగ్గించే వాల్వు పెడతారు. సర్దుకునే వీలున్నది పెట్టించి, ఖాళీ మైదానంలో, మెల్లటి వేగంతో పరీక్షించి సర్దాలి.

బిగింపులో జనం బోల్తాపడే చోట్లు రెండున్నాయి. ఈ ట్రక్కులో మాస్టర్ సిలిండర్ ఇంజను పక్కన పైన ఉండదు. డ్రైవరు కాళ్ల కింద, నేల పలకకు దిగువన ఉంటుంది. ఆయిల్ పోయాలంటే నేలలో ఉన్న చిన్న మూత తీయాలి. అంటే అది చక్రాల దగ్గర ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్లకంటే కిందుగా ఉండొచ్చు. అప్పుడు ఆయిల్ వెనక్కి జారిపోతుంది. తర్వాతిసారి తొక్కితే పెడలు ఖాళీగా పోతుంది, రెండోసారి తొక్కితే గానీ పట్టదు. దానికి పైపులో ఒక చిన్న వాల్వు పెట్టాలి. డిస్కులకు రెండు పౌన్ల ఒత్తిడి నిలిపే వాల్వు, డ్రమ్ములకు పది పౌన్లది. రెండింటినీ తారుమారు చేశారంటే ప్యాడ్లు ఎప్పుడూ డిస్కును రాసుకుంటూ కాలిపోతాయి. రెండో చోటు, బూస్టర్. డిస్కుకు డ్రమ్ములాగా చక్రం తోడు దొరకదు. కాబట్టి గట్టిగా తొక్కాలి, లేదా కాలికి తోడుపడే బూస్టర్ పెట్టుకోవాలి. బూస్టర్ ఇంజను పీల్పు మీద పనిచేస్తుంది. కంపెనీ ఇచ్చిన ఆరు సిలిండర్ల ఇంజనుకు ఆ పీల్పు బాగానే ఉంటుంది. పందేల ఇంజను తెచ్చి పెట్టుకున్నవాళ్లకు చాలకపోవచ్చు. ముందు ఇంజను కొని తర్వాత బ్రేకులు చూసుకునేవాళ్ల అవస్థ ఇదే.

ఇక స్టీరింగు. పాత ట్రక్కు నడిపినవాళ్లు చెప్పే ఫిర్యాదు ఒక్కటే. తిన్నగా పోదు, ఎడమకు కుడికి తిప్పుతూనే ఉండాలి. వెంటనే కొత్త స్టీరింగు కావాలంటారు. నేను ఒప్పుకోను. కొత్తగా ఉన్నప్పుడు ఈ బండి ఇంత వదులుగా లేదు. ఆ వదులంతా అరుగుదల. ఎక్కడ అరిగిందో కనుక్కోవడం కూడా కష్టమేమీ కాదు. ముందు ఇరుసును జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద నిలపండి. చక్రాన్ని పైనొక చెయ్యి, కిందొక చెయ్యి పెట్టి ఊపండి. టకటకమంటే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. మళ్లీ ఊపండి. ఇప్పుడు ఊగకపోతే తప్పు చక్రం బేరింగులది. ఇంకా ఊగుతుంటే కింగ్ పిన్నులది, అంటే చక్రం అటూ ఇటూ తిరగడానికి ఇరుసు చివర ఉండే పిన్నులది. తర్వాత ఎడమ, కుడి పక్కల పట్టుకుని ఊపితే ముందు చక్రాలు రెండింటినీ కలిపే టై రాడ్ చివరలు సంగతి చెబుతాయి. బండిని కిందికి దించి, ఒకరు స్టీరింగును అటూ ఇటూ కాస్త కాస్త తిప్పుతుంటే, ఒక్కో కీలు దగ్గరా ఎంత కదలిక వృథా అవుతోందో కంటికే కనిపిస్తుంది. కింగ్ పిన్నులు కొత్తవి వేసి, బుష్షులు రీమర్‌తో సరైన కొలతకు తీయించి, టై రాడ్ చివరలు మార్చి, అన్ని చోట్లా గ్రీజు కొట్టిస్తే ఫిర్యాదులో సగం తీరుతుంది. ఒక్క పని మాత్రం చేయవద్దు. ఎక్కడెక్కడి వదులునూ స్టీరింగ్ బాక్సు స్క్రూ బిగించి సరిచేయాలని చూడవద్దు. తిన్నగా ఉన్నప్పుడు బాక్సు మామూలుగానే కాస్త బిగువుగా ఉండేలా చేస్తారు. దాన్ని ఇంకా బిగిస్తే స్టీరింగు మధ్యలో పట్టేస్తుంది, మలుపు తర్వాత తనంతట తాను తిరిగి రాదు.

మిగతా సగం ఫిర్యాదు టైర్లది, ఇరుసు వాలుది. పాతకాలపు బయాస్ టైర్లు రోడ్డు మీద గాడి ఎటుంటే అటు పోతాయి. రేడియల్ టైర్లు వేస్తే ఆ లాగుడు బాగా తగ్గుతుంది. వాలు సంగతి కొంచెం ఓపిగ్గా వినాలి. కింగ్ పిన్ను నిటారుగా ఉండదు, దాని పై కొస కాస్త వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలే చక్రాన్ని తిన్నగా నిలబెడుతుంది. అందం కోసం బండి ముందు భాగాన్ని కిందికి దించి, వెనక భాగాన్ని పైకెత్తినవాళ్లు తెలియకుండానే ఆ వాలు తగ్గించేస్తారు. ఆ తర్వాత బండి అటూ ఇటూ పోతోందని స్టీరింగును తిడతారు. మందు చాలా చవక. ఇరుసుకూ కమానుకూ మధ్య ఏటవాలు పలక ఒకటి దూర్చి బిగిస్తే సరి. మరి పవర్ స్టీరింగు? చేతి బలం తగ్గినవాళ్లకు, భుజం నొప్పి ఉన్నవాళ్లకు అది అవసరమే. పెట్టించుకోవడంలో తప్పు లేదు. కాకపోతే అరిగిన కీళ్ల మీద పవర్ స్టీరింగు పెడితే వదులు పోదు, వదులు తేలిగ్గా తిరుగుతుంది, అంతే.

కమాన్ల దగ్గరికి వచ్చాం. ఈ ట్రక్కుకు ముందూ వెనకా కమాన్లే, ముందు కూడా అడ్డంగా ఒకే ఇనుప ఇరుసు. 'బండి చెక్కబల్లలా ఎగరేస్తోంది, కమాన్లు తీసేయాలి' అంటారు. కమాను ఎలా పనిచేయాలో చూద్దాం. తాటాకుల కట్టను వంచితే ఆకులు ఒకదాని మీద ఒకటి జారతాయి కదా, కమాను పట్టీలూ అలాగే జారాలి. ఏడు దశాబ్దాల తుప్పు వాటి మధ్య పేరుకుంటే జారవు. కట్టంతా ఒకే మందపాటి ఇనుప దూలం అవుతుంది. కట్ట చివర వేలాడే షాకిళ్ల పిన్నులు గ్రీజు లేక పట్టేసి ఉంటే అసలు కదిలే చోటే ఉండదు. కట్ట విప్పించి, ఒక్కో పట్టీ తుప్పు వదిలించి, విరిగింది మార్చి, చివరల మధ్య జారే పలచటి ముక్కలు పెట్టి, మళ్లీ కట్టించండి. పిన్నులు, బుష్షులు కొత్తవి వేయించండి. 1950కి ముందు బండి అయితే షాక్ అబ్జార్బర్లు చెయ్యిలాంటి లివరుతో పనిచేసే రకం. ఆ ఏడాదే కంపెనీ గొట్టం రకానికి మారింది. పాత బండికి కూడా గొట్టం రకం బిగించుకునే బ్రాకెట్లు దొరుకుతాయి. ముందు ఒక యాంటీ రోల్ బార్ చేరిస్తే మలుపుల్లో ఒరగడం తగ్గుతుంది. ఇంతవరకు అన్నీ బోల్టులతో అయ్యే పనులే. వీటికే బండి ఎంతో మెత్తబడుతుంది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. ఇదంతా పాత ఇరుసుకు సేవ చేయడమే కదా, ఆ ఇరుసునే కోసేసి, ఏ చక్రానికా చక్రం విడిగా కదిలే కొత్త సస్పెన్షను పెడితే ఒక్క దెబ్బతో స్టీరింగు, స్ప్రింగులు, బ్రేకులు మూడూ కొత్తవవుతాయి కదా అని. 1974 నుంచి 1978 దాకా ఫోర్డ్ చేసిన మస్టాంగ్ టూ అనే చిన్న కారు ముందు భాగం నమూనా మీద ఇలాంటి కిట్లు చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి. రాక్ అండ్ పినియన్ స్టీరింగుతో వస్తాయి. సరిగ్గా పెడితే బండి కారులాగా నడుస్తుంది, కాదనను. ఆ 'సరిగ్గా' అన్న మాట దగ్గరే నా పేచీ. ఈ ట్రక్కు చాసీ మూడు పక్కల మూసి, ఒక పక్క తెరిచి ఉన్న ఇనుప చానల్. దాన్ని ముందుగా పలకలతో మూసి బలపరచాలి. అడ్డదూలం చాసీకి ఖచ్చితంగా లంబంగా కూర్చోవాలి. రాక్ ఉండాల్సిన ఎత్తులో లేకపోతే గతుకు మీద పోయినప్పుడల్లా చక్రాలు వాటంతటవే తిరుగుతాయి. వెల్డింగు ఊడిందా, ఊడేది సైలెన్సరు కాదు, ముందు చక్రం. పైగా అది చిన్న కారు కోసం పుట్టిన ఏర్పాటు. ట్రక్కులో బరువు వేసుకునేవాళ్లు కిట్టు ఎంత మోయగలదో అడిగి మరీ కొనాలి. రోజూ హైవే మీద వందల మైళ్లు తిరిగేవాళ్లు, అనుభవమున్న వెల్డరు చేతికే పని ఇచ్చేవాళ్లు చేయించుకోవచ్చు. ఆదివారం బండికి ఇది అక్కర్లేని కోత. ఒకసారి కోసిన చాసీ మళ్లీ అతకదు.

రెండో వైపు నుంచి వచ్చే అభ్యంతరం పాతదనం గురించి. బెండిక్స్ వద్దు, డిస్కు వద్దు, 1947లో ఎలా ఉందో అలాగే ఉండాలి అంటారు. మ్యూజియంలో నిలబెట్టే బండికి ఆ మాట ఒప్పుకుంటాను. నడిచే బండికి ఒప్పుకోను. ఎందుకంటే కంపెనీయే ఒప్పుకోలేదు. ఈ ఒక్క మోడలు తయారవుతుండగానే 1950లో షాక్ అబ్జార్బర్లు మార్చింది, 1951లో బ్రేకులు మార్చింది. తర్వాత 1971లో తన అర టన్ను పికప్పులకు ముందు డిస్కులు మామూలు సామానుగానే ఇచ్చింది. తయారుచేసినవాళ్లే ఆగని చోట మనం ఆగిపోవడం భక్తి అనిపించుకోదు. బోల్టులతో బిగించిన డిస్కులు బోల్టులతోనే ఊడతాయి. విప్పిన పాత సామానుకు నూనె రాసి, పెట్టెలో పెట్టి, చీటీ కట్టి దాచండి. రేపు బండి కొనేవాడు కావాలంటే తిరిగి బిగించుకుంటాడు.

పనుల వరస గురించి ఒక్క మాట. కొత్త బ్రేకులు గట్టిగా పట్టినప్పుడు ఆ లాగుడంతా కింగ్ పిన్నుల మీద, కమాన్ల మీద పడుతుంది. పాత డ్రమ్ముల కింద నోరు మూసుకుని ఉన్న వదులు, డిస్కులు వేయగానే చక్రాల ఊగుడుగా బయటపడుతుంది. కాబట్టి మాస్టర్ సిలిండర్ మార్చాక, డిస్కులు వేయకముందే కింగ్ పిన్నులు చూడాలి. ఎలాగూ చక్రం విప్పుతారు, రెండు పనులకూ కూలి ఒకటే అవుతుంది.

ఇవన్నీ ఒక్క నెలలో అయ్యేవి కావు, డబ్బు కావాలి, తీరిక కావాలి. ఒక్క పని మాత్రం ఈ వారమే చేయండి. బండి కిందికి దూరి, చక్రాల దగ్గరి రబ్బరు బ్రేకు గొట్టాలు చూడండి. పాత గొట్టం పైకి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బిపోతుంది. ఆయిల్‌ను పోనిస్తుంది గానీ వెనక్కి రానివ్వదు, బ్రేకు పట్టుకునే ఉండిపోతుంది. లేదా ఒక రోజు పగులుతుంది. ఎప్పుడు వేశారో తెలియని గొట్టమైతే ఇంకేమీ ఆలోచించకుండా మార్చేయండి. అది మార్చేదాకా బండిని రోడ్డెక్కించకండి.